అష్టాదశ వర్ణనలలో లేని నది

గత విద్యాసంవత్సరమున మా పాఠశాలలో ఎనిమిదవ తరగతి బాలబాలికలకు ‘మన నది’ యను విషయమిచ్చి వ్యాసము వ్రాయుడని చెప్పితిని. 24 మంది వ్రాసిరి. వారిలో 20 మంది గోదావరిని గూర్చియు, ఇద్దరు కృష్ణను గూర్చియు, ఒకడు గంగను గూర్చియు వ్రాసిరి. నాసికాత్ర్యంబకమున పుట్టుట, పాపికొండల నడుమ సాగుట, పుష్కరములు, పంటపొలములు అన్నియు క్రమముగనే యున్నవి. చెన్నపురిలో పుట్టి పెరిగిన ఆ పిల్లలలో గోదావరిని కంట చూచినవారు నాకు తెలిసినంతలో ఒక్కరును లేరు. మిగిలిన ఒక బాలిక మాత్రము మూడు వాక్యములు వ్రాసినది: “మా ఇంటి వెనుక కూవం ఉండేది. వానలు పడితే ఇంటిలోకి వచ్చేది. ఇప్పుడు మేము అక్కడ లేము.”

నేను ఎఱ్ఱసిరాతో ‘విషయము చాలదు’ అని వ్రాసి, 10కి 3 మార్కులు వేసితిని. గోదావరివారికి 7, 8 వచ్చినవి.

ఆ సాయంకాలము ఆ కాగితముల కట్టతో ఇంటికి పోవుచుండగా, వాహనముల రద్దీవలన బస్సు కూవము వంతెనపై ఆగినది. బస్సులోని వారందఱును పైటచెంగులు, చేతిరుమాళ్లు ముక్కులకు అడ్డము పెట్టుకొనిరి. నేనును పెట్టుకొంటిని. ఇరువది సంవత్సరములనుండి ఆ వంతెన దాటుచున్న నేను ఆ నీటివంక ఒక్కసారియైన నిలిచి చూడలేదని అప్పుడు తోచినది. ఆ బాలిక వ్రాతలో లోపమున్నదా, నా మార్కులలో నున్నదా, లేక నాచేతికి ఆ కొలబద్ద నిచ్చిన సాహిత్యములోనే యున్నదా యని విచారింపగా తేలిన కొన్ని సంగతులను ఈ వ్యాసమున పాఠకుల ముందుంచుచున్నాను.

మహాకావ్యమున ఏమేమి వర్ణింపవలెనో దండి తన కావ్యాదర్శమున చెప్పినాడు. వానినే మనవారు అష్టాదశ వర్ణనలని లెక్కించిరి. ప్రబంధకవులకు ఈ లెక్క శిరోధార్యమైనది. నేటికిని తెలుగు పండితులు తరగతిలో వ్రేళ్లు మడచుచు దీనిని ఒప్పగించుచునే యుందురు. ఆ పట్టికలో మొదటిది నగరము, రెండవది సముద్రము. పిమ్మట శైలము, ఋతువులు, చంద్రోదయము, సూర్యోదయము, ఉద్యానము, సలిలక్రీడ మొదలైనవి. నగరమున్నది, సముద్రమున్నది, నగరమునుండి సముద్రమునకు పాఱు నది మాత్రము తన పేరుతో ఈ పదునెనిమిదింటిలో లేదు. నదిని వర్ణింపగోరిన కవి దానిని సలిలక్రీడ యను తలుపున లోనికి తేవలసినదే. అనగా నీరు నాయికానాయకుల విహారమునకు పనికివచ్చినప్పుడే కావ్యమున దానికి స్థానము.

మన కవులు నదులను వర్ణింపలేదని నా యభిప్రాయము కాదు. శ్రీనాథుడు కాశీఖండమున గంగను, భీమఖండమున గోదావరీ సీమను కీర్తించినాడు. అది క్షేత్రమాహాత్మ్యము, అచ్చట నది పుణ్యము నిచ్చునది. ప్రబంధములలో నది సుఖము నిచ్చునది. ఈ రెండును ఈయలేని నీటికి మనవారిచ్చిన చోటు పరిహాసము. పలనాటిని గూర్చి శ్రీనాథుని పేర వ్యాప్తిలోనున్న చాటువులలో పాపము నాగులేటి నీళ్లకు పట్టిన గతి యెల్లరెఱిగినదే. కాశిలో గంగకు మ్రొక్కిన పేరే పలనాటిలో నాగులేటిని ఎగతాళి చేసినది! ఆ చాటువులు మహాకవి రచనలు అగునో కాదో పండితులు నిర్ణయింతురుగాక. వానిని తరతరములుగా చెప్పుకొని నవ్వినవారము మాత్రము మనమే.

ఇక మురికి నది యనగానే కొందఱికి గరుడపురాణములోని వైతరణి జ్ఞప్తికి వచ్చును. చీము నెత్తురులతో పాఱు ఆ నది పాపులకు శిక్షగా నిర్మింపబడినది. అలంకారశాస్త్రజ్ఞులు దీనిని బీభత్సరసమున చేర్తురు, జుగుప్స స్థాయిభావమందురు. చెన్నపురిలో కూవమునకు దక్కినది ఈ రసమొక్కటే. ఈ నగరమున తమిళులైనను తెలుగువారైనను దుర్గంధమునకు పర్యాయపదముగా కూవము పేరు వాడుదురు. ఒకనిని తిట్టవలెనన్నను అదే పేరు. ఇందులో నాకొక లోపము కనబడుచున్నది. బీభత్సమునకు ఆలంబనము చూడబడు వస్తువే కాని, దానిని అట్లు చేసినవాడు కాడు. ముక్కు మూసికొన్నవాడు నదిని అసహ్యించుకొనును; ఆ నీరు ఎవరి యింటినుండి వచ్చినదో అడుగడు. అడిగినయెడల రసభంగమగును. వైతరణి పాపులకై కల్పింపబడిన నది. కూవము అట్లు కాదు. దీనిని ఇట్లు చేసినవారు గట్టుననే యున్నారు.

ఆధునికులలో నది దుఃఖమును పలికించినవారు విశ్వనాథ సత్యనారాయణగారు. కిన్నెరసాని పాటలలో నది ఒక యింటి కోడలు. అత్తవలన నొచ్చి నీరై పాఱిపోవును. భర్త రాయి యగును. కడలిరాజు ఆమెను కోరగా గోదావరి తనలో దాచుకొనును. నది పుణ్యము నిచ్చు దేవతయు కాక, విహారస్థలమును కాక, బాధపడు మనిషియైనది. తెలుగు నదీకవితలో ఇది పెద్ద మలుపని నా నమ్మకము. అయినను అచ్చటను నీరు తేటగనే యున్నది. కిన్నెర మనసు కలతచెందినది కాని నీరు చెడలేదు. నీరే చెడిన నదిని గూర్చి చెప్పుటకు ఆ పాటలనుండి మనమొక అడుగు ముందుకు వేయవలసి యుండగా, మన తరువాతి నదీగేయములు అధికభాగము మరల గోదావరి వఱద ఉత్సాహమునకే మరలినవి. మేము బోధించు వాచకములలో నాకు కనబడినంతలో కూవము పేరు లేదు. చెన్నపురిలో పిల్లలకు తెలుగు చెప్పు పుస్తకములోనే లేకున్న మఱెచ్చట నుండును?

“కూవము తెలుగు నది కాదు గదా, మన కేల?” యని ఒక మిత్రుడు నన్నడిగినాడు. దీనికి సమాధానము తిరువయ్యారున దొరకును. త్యాగరాజస్వామి కావేరిపై అసావేరి రాగమున తెలుగు కృతి రచించినారు. ఆ కృతిలో కావేరి ఒకచోట గర్జించుచు, ఒకచోట దయతో నిండి, రంగేశుని చూచి పంచనదీశుని చూడ బయలుదేఱును. తాను నిలిచిన గట్టుననున్న నదిని తెలుగులో పాడుటకు ఆయన కృష్ణా గోదావరుల అనుమతి కోరలేదు. తెలుగువాడు ఏ నీరు త్రాగునో అది తెలుగు నదియే యని ఆ కృతి తేల్చిచెప్పుచున్నది.

మఱి కూవపు గట్టున మనవారు నిన్న మొన్న వచ్చినవారా? 1734లో కుంపిణీవారు నేతగాండ్రకై ఒక పేటను స్థాపించిరి. ఆ స్థలము అంతకుముందు సుంకురామ శెట్టి తోట. కూవపు వంకలో మూడువైపుల నీరు చుట్టిన ఆ చోటు నూలుపనికి అనుకూలమైనది. చిన్న మగ్గముల పేట యను అర్థముగల తమిళనామము వాడుకలో చింతాద్రిపేట యైనది. మగ్గము పోయి పర్వతము వచ్చినది! గుట్టయైన లేనిచోట ‘అద్రి’ని నిలిపిన మన సంస్కృతాభిమానము, ప్రక్కనే పాఱు నదికి మాత్రము ఒక మంచిపేరు పెట్టలేకపోయినది. చిన్నయసూరి ఈ నగరముననే బోధించి 1858లో బాలవ్యాకరణము ప్రకటించినాడు. వావిళ్లవారి ముద్రణాలయము 1854లో ఇచ్చటనే వెలసినది. ఆంధ్రపత్రిక 1914లో బొంబాయినుండి ఇచ్చటికే వచ్చినది. భారతి 1924లో ఇచ్చటనే పుట్టినది. తెలుగు గ్రంథములు ఎన్నియో అచ్చుకాగా ఆ కాగితములపై ఎన్ని నదులు పాఱినవో లెక్కలేదు.

బియ్యము, కట్టెలు, ఉప్పు తెలుగుసీమనుండి చెన్నపురికి పడవలపై వచ్చెడివి. కొమ్మమూరు కాలువమీదుగా పెదగంజాము చేరి, అచ్చటినుండి సముద్రతీరమువెంబడి బకింగ్‌హాం కాలువలో దక్షిణమునకు సాగివచ్చెడివి. ఆ కాలువను కూవమునుండి అడయాఱు వఱకు త్రవ్వినది 1877–78లో, ధాత కఱవునాడు. గంజికొఱకు మట్టి మోసినవారి శ్రమ అది. ఇప్పుడు ఆ కాలువగర్భమున పైవంతెన రైలుమార్గపు స్తంభములు నిలిచియున్నవి, పడవలు లేవు.

నది పూర్వస్థితి యెట్టిదో చెప్పక ఇప్పటి స్థితి చెప్పుట న్యాయము కాదు. కూవము చెన్నపురికి పశ్చిమమున, కేశవరము ఆనకట్టవద్ద కొసస్థలైయాఱునుండి చీలి, సుమారు 72 కిలోమీటర్లు పాఱి, నేపియర్ వంతెనవద్ద బంగాళాఖాతమున కలియును. నగరమున దాని నడక సుమారు 18 కిలోమీటర్లు. ఎగువన తిరువళ్లూరు సీమలో కూవమను గ్రామమున్నది. దాని ప్రాచీననామము తిరువిఱ్కోలము. త్రిపురసంహారమునకు విల్లు ధరించిన శివుడు అచ్చటి స్వామి; తిరుజ్ఞానసంబంధర్ ఆ స్థలముపై పదికము పాడినారు. స్వామి మేనిరంగు తెల్లబడిన వఱద, ఎఱ్ఱబడిన యుద్ధము వచ్చునని అచ్చటివారి నమ్మిక. లింగమును చేతితో తాకరాదు. పుట్టుచోట తాకరాని పవిత్రత, కలియుచోట తాకలేని మాలిన్యము — ఒకే నదికి రెండును కలవు. పదునెనిమిదవ శతాబ్దమున పచ్చయప్ప మొదలియారు కోమళీశ్వరన్‌పేటలో ఈ నదిలోనే స్నానముచేసి గుడికి పోయెడివాడని ప్రతీతి.

నడుమ జరిగినదేమి? కావ్యములలో దొరకని సమాధానము నీటిలెక్కలలో దొరకును. కొరట్టూరు ఆనకట్టవద్ద ఈ నది నీటిని చెంబరంబాక్కము చెఱువునకు మరలింతురు. అది నగరమునకు త్రాగునీరు. నది నగరమున ప్రవేశింపకముందే దాని మంచినీరు గొట్టములదారిని నగరమున ప్రవేశించును. వానకాలము దాటిన పిమ్మట నదీగర్భమున మిగులునది మన స్నానముల, వంటల, మరుగుదొడ్ల నీరు. కోయంబేడు, నెసప్పాక్కము, కొడుంగైయూరు, పెరుంగుడిలలో మురుగుశుద్ధి కేంద్రములున్నను, వాననీటికై కట్టిన కాలువలలో మురుగు కలిపివేయుటవలన శుద్ధి కానిది ఎంతయో నదిలోనికే వచ్చుచున్నది.

కడపట సముద్రము. ఈ తీరమున కెరటములు సంవత్సరములో అధికకాలము ఇసుకను దక్షిణమునుండి ఉత్తరమునకు నెట్టుకొనిపోవును. 1870వ దశకమున హార్బరు గోడలు సముద్రములోనికి కట్టనారంభించినంత ఆ యిసుక దారిలో నిలిచిపోయి, గోడలకు దక్షిణమున మేట వేసినది. మెరీనా వెడల్పైనది. ఆ యిసుకయే కూవపు నోటికి అడ్డుగట్టై, వఱదలేని నెలలలో నదిని సముద్రమున కలియనీయదు. సాయంకాలము మెరీనా యిసుకతిన్నెలపై కూర్చుండి సముద్రమును, చంద్రోదయమును చూచి ఆనందించువారు కూవపు నోటిని మూసిన యిసుకపైననే కూర్చున్నారు. నగరము, అర్ణవము, చంద్రోదయము! దండి పట్టిక అచ్చట పూర్తిగా నెఱవేఱినది, నదిని అడ్డగించి.

పై సంగతులకంటె నన్ను ఎక్కువ కలవరపెట్టినది వేఱొకటి. కృష్ణానదినుండి చెన్నపురికి త్రాగునీరిచ్చుటకు మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశములు తలకు 5 టి.ఎం.సి. చొప్పున వదలుకొనుటకు 1976లో సమ్మతించినవి. 1983లో ఆంధ్ర, తమిళనాడు ముఖ్యమంత్రులు ఒడంబడిక చేసికొనిరి. శ్రీశైలమునుండి సోమశిల, కండలేరుల మీదుగా 1996లో ఆ నీరు మొదటిసారి పూండి చేరినది. ఆ పథకమునకు పెట్టిన పేరు తెలుగుగంగ. చెన్నపురి తెలుగువారము ఆనాడు ఎంత గర్వించితిమో చెప్పనలవి కాదు; మా యింట మా నాయనగారు కుళాయినీటిని చెంబుతో పట్టి, కండ్లకద్దుకొని, “కృష్ణమ్మ వచ్చినది” అనిరి. సరియే. వచ్చిన కృష్ణమ్మ పిమ్మట ఎచ్చటికి పోయినది? ఏటేట ఎంత వచ్చినను, వచ్చిన దానిలో ఒక భాగము మన గిన్నెలు కడిగి, మన గుడ్డలు ఉతికి, కూవములోనికే పోయినది. తెలుగుగంగ సాగరసంగమము ఎచ్చటనన్న, అడయాఱు నోటివద్దను, నేపియర్ వంతెన క్రిందను. శ్రీశైలమువద్ద మనము మ్రొక్కిన నీటికే ఈ వంతెనపై ముక్కు మూసికొనుచున్నాము. వ్యాసములో కృష్ణను వ్రాసిన ఆ యిద్దరు పిల్లలు తమకు తెలియకయే కూవమును గూర్చి వ్రాసిరని ఇప్పుడనిపించుచున్నది.

ప్రభుత్వములు ఏమియు చేయలేదనుట సత్యము కాదు. 1967లో అణ్ణాదురైగారి ప్రభుత్వము కూవపు అభివృద్ధిపథకము నారంభించినది. దాని ఫలముగా 1973లో పడవరేవులు, విహారనౌకలు వచ్చినవి. కొంతకాలమునకే నౌకలు నిలిచిపోయినవి. రేవుల శిథిలములు ఇప్పటికిని గట్టున కనబడును. మురుగు ఆగకమునుపే నౌకావిహారము సిద్ధపఱచుట ప్రబంధకవి చేయుపని. నది యన్నంతనే సలిలక్రీడ స్ఫురించుట ఒక్క కవులకే కలిగిన వ్యసనము కాదన్నమాట. 2015 ప్రాంతమున 604 కోట్లకుపైగా రూపాయలతో పునరుద్ధరణప్రణాళిక మంజూరైనది. ఇందు మురుగును నడుమనే అడ్డగించి శుద్ధిచేయు పనియు చేర్చిరి. అది మునుపటికంటె వివేకవంతమైన ఆలోచనయని ఒప్పుకొనవలెను. కాని చిత్రపటములలో ప్రజలకు చూపినవి ఎక్కువగా పూలతోటలు, నడకదారులు. దండి పట్టికలో సలిలక్రీడకు ముందున్నది ఉద్యానము. ఇంకొకవైపు మధురవాయల్‌నుండి హార్బరునకు పైదారి వేయ 2009లో శంకుస్థాపన జరిగి, నదిలోనే స్తంభములు లేచి, 2012లో పని ఆగినది; 2022లో మార్పులతో మరల శంకుస్థాపన చేసిరి. ఒక చేత్తో తోట, ఇంకొక చేత్తో స్తంభము.

ఆ పునరుద్ధరణలో భాగముగా గట్టుననున్న 14,000కు పైగా కుటుంబములను పెరుంబాక్కము మొదలైన చోట్లకు తరలించుటకు నిర్ణయించిరి. 2015 డిసెంబరు వఱదల పిమ్మట ఆ పని వేగవంతమైనది. వఱదలో మునుగు గుడిసెలలో మనుష్యులుండరాదనుట న్యాయమే. కాని పనిచేయు చోటికి, చదువు చెప్పు బడికి ఇరువది కిలోమీటర్లకు దూరముగా వారిని దింపుట వేఱొక సంగతి. తరలినవారిలో తెలుగు మాటాడువారును కలరు. నగరపు వీథులూడ్చు వారిలో, మురుగుకాలువలు శుభ్రపఱచు వారిలో అనేకులు తరతరములుగా ఇచ్చటనున్న తెలుగువారని మన సంఘసభలలో ఎవరును ఎక్కువగా చెప్పరు. నగరపు మాలిన్యమును చేతులతో ఎత్తినవారిని ఆ మాలిన్యపు గట్టుననే నివసింపనిచ్చి, పిమ్మట గట్టును అందముచేయుటకు వారినే లేపిరి. మా బడిలో తెలుగుపాఠమునకు కూర్చుండు పిల్లల సంఖ్య ఆ సంవత్సరములలో ఎట్లు తగ్గినదో హాజరుపట్టీలు చెప్పును. కొందఱు కొంతకాలము రెండు బస్సులు మాఱి వచ్చిరి. తరువాత మానిరి. క్రొత్తచోట వారికి తెలుగు చెప్పు బడి దగ్గఱలో దొరకలేదు.

ఆ బాలిక మూడు వాక్యములను మరల చదివితిని. మొదటి వాక్యమున నది ఇంటి వెనుక నున్నది, ముందు కాదు. వీథిగుమ్మము నగరమువైపు, పెరటిగుమ్మము నదివైపు. రెండవ వాక్యమున నది అతిథివలె కాక ఋణదాతవలె ఇంటిలోనికి వచ్చుచున్నది. మూడవదానిలో నదియు లేదు, విశేషణమును లేదు. “మేము అక్కడ లేము” అని మాత్రమున్నది. పుణ్యము లేదు, విహారము లేదు, పరిహాసము లేదు. విశేషమేమనగా బీభత్సమును లేదు. కంపు అను మాట ఆ బాలిక ఒక్కసారియైన వాడలేదు! ఆ గట్టున పెరిగినదానికి అది చెప్పవలసిన సంగతిగా తోచలేదు. వంతెనపై బస్సులో కూర్చున్న మనకే అది మొదటి సంగతి. విమర్శకునిగా నేనీ వ్యాసమును ముందు చదివియుండిన, ఇందు స్వభావోక్తి కలదని, ఎరవు తెచ్చుకొన్న వర్ణన ఒక్కటియు లేదని వ్రాసియుందును. ఉపాధ్యాయునిగా చదివి 3 వేసితిని.

ఈ యేడు అదే విషయమును మరల ఇచ్చితిని. ఈసారి వ్రాయుటకు ముందు తరగతిని వంతెనవద్దకు తీసికొనిపోయితిని. మొదట అందఱును ముక్కులు మూసికొని నవ్విరి. పది నిమిషములైన పిదప ఒకడు నీటిలో కొంగ నిలిచియున్నదని చూపించినాడు. ఇంకొకతె ఆ గొట్టమునుండి వచ్చు నీరు ఏ వీథిదని అడిగినది. నాకు తెలియదని చెప్పితిని. మఱునాడు నలుగురు పిల్లలు ఆ వీథి పేరు కనుగొని వచ్చిరి. అది నేనుండు వీథికి రెండు వీథుల అవతల నున్నది. ఆ బాలిక ఈ యేడు తరగతిలో లేదు. ఆమె నిరుటి కాగితము నా దగ్గఱనే యున్నది. మార్కులు దిద్దితిని గాని, తిరిగి యిచ్చుటకు పెరుంబాక్కమునకు పోవలసియున్నది.